వరమ్మ తెరిపించిన బండ

మా ఇంటి ఆమెకు మొగుడి మీద కంటే రాయి మీద నమ్మకం ఎక్కువ. ఈ మాట ఆమె ముందే చాలాసార్లు అన్నాను. కోపం తెచ్చుకునేది కాదు. "రాయి పొద్దున ఒక మాట, సందకాడ ఒక మాట చెప్పదు గదయ్యా" అనేది.

వరమ్మ పోయి ఏడాది దాటింది. చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు పాస్టరుగారు ఆమె భక్తి గురించి, ఓర్పు గురించి చెప్పారు. భక్తి నిజమే. ఓర్పు గురించి మాత్రం ఆయనకెవరో తప్పు చెప్పారు. ముందు వరసలో కూర్చుని వింటూ, అసలు చెప్పాల్సింది ఈయన చెప్పడం లేదే అనుకున్నాను. ఇంటికొచ్చాక కూడా అది నన్ను వదల్లేదు. అందుకే రాస్తున్నాను. తారీఖులు గుర్తులేవు. మాటలు గుర్తున్నాయి.

మాది బనగానపల్లెకు దగ్గర ఊరు. ఒక పక్క మామిడితోటలు, ఒక పక్క నాపరాతి గనులు. తోటల పక్కవాళ్లకు పేరు, గనుల పక్కవాళ్లకు దుమ్ము. మేము గనుల పక్కవాళ్లం. నేను ఆర్టీసీలో కండక్టరుగా బనగానపల్లె నుంచి కడపకు తిరిగేవాణ్ణి. వరమ్మ కేశవయ్య శెట్టి గనిలో బండలు కడిగేది. వాళ్లమ్మ కూడా అక్కడే కడిగింది.

ఆ పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. గని గుంతలో మగవాళ్లు రాతిని పొరలు పొరలుగా లేపుతారు. ఆ బండలు ట్రాక్టరెక్కి గట్టు మీదున్న నీళ్లతొట్టి దగ్గరికి వస్తాయి. అక్కడ ఆడవాళ్లు నీళ్లు పోసి, కొబ్బరిపీచుతో రుద్ది, మట్టి వదిలించి, ఏ ముఖం బాగుందో చూసి, దాన్ని పైకి పెట్టి పేరుస్తారు. మచ్చ ఉన్న ముఖం కిందికి పోతుంది. ఇల్లు కట్టుకునేవాళ్లు కూడా అట్లాగే పరుచుకుంటారు. నున్నటి ముఖం కాళ్లకు, మచ్చ మట్టికి. రాజంపేటలోనూ కడపలోనూ ఎన్ని వంటిళ్ల కింద ఎన్ని మచ్చలు బోర్లా పడుకుని ఉన్నాయో ఎవరూ చెప్పలేరు.

ఆ మచ్చల్లో ఒక రకం వరమ్మను పట్టుకుంది. గుండ్రంగా ఉండేది. కొన్ని అరచేతంత, కొన్ని అన్నం పళ్లెమంత. నడిమిన ఒక గీత. ఆ గీత నుంచి రెండు పక్కలా అంచుదాకా సన్నటి మడతలు. గోడకు కొట్టిన పిడక మీద వేళ్ల అచ్చులు పడినట్టు ఉంటుందని, తొట్టి దగ్గర ఆడవాళ్లు దానికి రాతిపిడక అని పేరు పెట్టారు. పేరు పెట్టి, బోర్లించి, పేర్చేసేవాళ్లు.

ఒకరోజు అన్నం తింటుంటే నాతో అంది.

"ఏమయ్యా, పిడక మీద ఎన్ని వేళ్లు పడతాయి?"

"నాలుగు. గట్టిగా కొడితే బొటనవేలితో ఐదు."

"మరి ఆ గుండ్రాల మీద లెక్కలేనన్ని ఉండాయి. అన్నీ వరసగా. చేప ముల్లు మాదిరి."

"రాతిలో చేపలు ఈదినాయా?"

"నేనేమన్నా ఈదినాయి అన్నానా. ముల్లు మాదిరి ఉండాది అన్నా. నువ్వు టికెట్లు కొట్టేటప్పుడు కూడా ఇట్లే ఇంటావా జనం మాట?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు. గుండ్రం దొరికినప్పుడల్లా బండను కొంచెంసేపు ఎండలో నిలబెట్టి చూసేది. తర్వాత పేర్చక తప్పేది కాదు. లారీ వచ్చేది, బండ పోయేది.

ఆ రోజుల్లో మా బస్సులో ఒక అమ్మాయి కడప నుంచి వచ్చిపోతుండేది. భుజాన బరువైన సంచి. ఒకసారి, "ఆ సంచికి లగేజీ టికెట్టు కొట్టాలమ్మా" అన్నాను. "కొట్టండి, దాంట్లో రాళ్లే ఉండాయి" అంది. మా దారిలో రాళ్లు మోసుకుపోయే మనిషిని చూడడం అదే మొదలు, లారీలు తప్ప. పేరు ఉదయశ్రీ. కడపలో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పేది. మాటల్లో మా ఇంటామె గుండ్రాల సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చి నా సీటు పక్కన నిలబడింది. ఎంతున్నాయి, మడతలు నడిమి గీతకు ఎదురెదురుగా ఉన్నాయా, ఏ రంగు రాయి అని అడుగుతూనే ఉంది. ఆ ధ్యాసలో నేను ఒక స్టాపులో విజిల్ వేయడం మరిచి, దిగాల్సిన ముసలాయన చేత కడప దాకా తిట్లు తిన్నాను.

ఆ వారమే మా ఊరికొచ్చింది. వరమ్మ ఆమెకు టీ ఇచ్చి, ముందు ఆ గుండ్రం సంగతేందో చెప్పమంది.

"మనం కూర్చున్న చోటంతా ఒకప్పుడు సముద్రమమ్మా. యాభై కోట్ల ఏండ్ల కంటే ముందు మాట. అప్పటికి చేపల్లేవు, ఎముకలున్న జీవి ఏదీ లేదు. ఆ కాలంలో పళ్లెం మాదిరి ఒక జంతువు ఉండేది. వేరే దేశాల్లో రాళ్లలో దొరికింది. డికిన్సోనియా అంటారు. మెత్తగా సముద్రం అడుగున పరుచుకుని ఉండేది. దానికి నోరు కూడా ఉన్నట్టు కానరాదు."

"నోరు లేకుంటే ఏం తినేది పాపా?"

"కింద పాచి ఉంటుంది గదా. దాని మీద పడుకుని కడుపుతోనే పీల్చుకునేదని అనుకుంటున్నారు."

వరమ్మ ఖాళీ టీ గ్లాసులు అందుకుంది. "వంట పని లేదు, గిన్నెలు తోమే పని లేదు. బతికితే అట్ల బతకాల" అంది.

"మీ గుండ్రం అదేనో కాదో చూడందే చెప్పలేను" అంది ఉదయశ్రీ. "మన రాళ్లలో అట్లాంటిది ఉంటే మాత్రం శానా పెద్ద మాటమ్మా."

నన్ను కూడా రమ్మని, ఆమెను తొట్టి దగ్గరికి తీసుకుపోయింది వరమ్మ. నాలుగు రోజుల ముందే ఒక మంచి గుండ్రం దొరికితే, దాన్ని పేర్పు చివర ముఖం బయటికి ఉండేట్టు నిలబెట్టి వచ్చింది. ఆ చివరనే చూపించింది. గుండ్రం ఉంది. గీతలున్నాయి. ఉదయశ్రీ సంచి దించి మోకాళ్ల మీద కూర్చుంది. ఫోటో తీసి, తనకు చదువు చెప్పిన పెద్దసారుకు అక్కడి నుంచే పంపింది. పంపాక సంచిలోంచి బ్రష్షు తీసి, తడిపి, మెల్లగా రుద్దింది. బ్రష్షుకు ఒక గడ్డిపోచ అంటుకొచ్చింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వాసన.

అప్పుడే గంప నెత్తిన పెట్టుకుని మా పక్కింటి రామేశ్వరమ్మ వచ్చింది.

"ఏంది వరమ్మా, నా పిడకల జాగాను కడగతాండారు?"

ఎండకు కాగిన బండ మీద పిడక ఒక పూటకే ఆరుతుంది. అందుకని మా దగ్గర గోడల మీద కంటే పేర్చిన బండల మీదే ఎక్కువ కొడతారు. పిడక తీసేశాక దాని గుండ్రం, వేళ్ల గీతలు బండ మీద చాలాకాలం మిగిలిపోతాయి. వరమ్మ నిలబెట్టిన అసలు బండ ముందురోజే లారీ ఎక్కి పోయింది. దాని చోట మరో బండ నిలబడింది. దాని మీద రామేశ్వరమ్మ చెయ్యి పడింది. ఆ ఊళ్లో పుట్టి, ఆ పేడ వాసనలో పెరిగిన వరమ్మే దాన్ని చూసి సముద్రం అనుకుంది.

ఉదయశ్రీ బ్రష్షు కడుక్కుని, సంచి సర్దుకుని, బస్సు దగ్గరికి నడిచింది. ఆ అమ్మాయి బస్సెక్కకముందే పెద్దసారు దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. ఆయనకు ఆమె ఏం చెప్పిందో నేను వినలేదు. ముఖం చూశాను.

గుంతలో బండలు లేపేవాళ్లకు పెద్ద ఈరప్ప. చేతిలో ఉలి ఎంత పదునో నోరూ అంతే. మర్నాటి నుంచి వరమ్మ కనిపిస్తే చాలు.

"వరక్కా, ఇయ్యాల సముద్రంలో ఎన్ని పిడకలు దొరికినాయి?"

"నీ నోట్లో పెట్టనీకి సరిపోతాయి లేప్పా."

పైకి అట్లా అనేది. కానీ పేరు పడిపోయింది. పిడకల వరమ్మ. చర్చిలో అన్నారు, అంగట్లో అన్నారు. ఒకసారి బస్సులో ఎవరో, ఈ కండక్టరు పిడకల వరమ్మ మొగుడు అని గుసగుసలాడితే విని, నేను చిల్లర తప్పు ఇచ్చాను.

అది అక్కడితో మరుగున పడేదే. కానీ కేశవయ్య శెట్టి గనికి కొత్త కటింగ్ మిషను తెప్పించాడు. సోమవారం నుంచి గుంతలో తూర్పు వారను, అంటే ఆ పక్క రాతి గోడనంతా, మిషనుతో కోసి, బండలను నేరుగా పాలిష్‌కు పంపుతారని తెలిసింది. పాలిష్ అంటే రెండు ముఖాలూ అద్దంలా అరగదీస్తారు. వరమ్మకు దొరికిన గుండ్రాలన్నీ తూర్పు వార బండల మీదివే. నీలంగా ఉండి, పొరకూ పొరకూ నడుమ పసుపుపచ్చ మట్టి పట్టిన బండలు అవి. మిగతా వారల్లో అట్లాంటి రాయి లేదు.

ఆ మాట విన్న రోజు ఆమె అన్నం తినలేదు. పొద్దున్నే బనగానపల్లెకు పోయి, అక్కడ కేశవయ్య నడిపే అంగడి ముందు నిలబడింది. అక్కడ జరిగింది ఆమే నాకు చెప్పింది, ఇద్దరి గొంతులూ తానే పెట్టి.

"శెట్టీ, ఆ తూర్పు వారను నాకు ఒక పూట ఇయ్యి."

"ఏం చేస్తావు, ఇంటికి తీసకపోతావా?"

"తెరిపించి ఆ పాపకు సూపిస్తా."

"పేడ వాసన సూసి పోయిన పాప మళ్లొస్తాదా? వరమ్మా, నేను అంగడి పెట్టుకున్నోణ్ణి. ఒకసారి కుళ్లిన టెంకాయ ఇచ్చినోడి దగ్గరికి రెండోసారి ఎవురు పోతారు?"

"వస్తాది. నేను తీసకొస్తా."

కేశవయ్య చెడ్డవాడు కాదు. గనిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా కబురు చేసి కనుక్కునేవాడు. కానీ వ్యాపారి. త్రాసు గొలుసు సవరిస్తూ చెప్పాడట.

"శనివారం పొద్దున ఒక పూట ఇస్తాండా. ఈరప్ప మనుషులు నువ్వు చెప్పిన బండ లేపుతారు. దాంట్లో నువ్వు చెప్పింది ఉంటే ఆ వారను నేను ముట్టను, మిషను పడమటికి తిప్పిస్తా. లేకుంటే సోమవారం నుంచి నువ్వు తొట్టికాడికి రావద్దు. కోపంతో చెప్పడంలే. ఎవురు పోయి అడిగితే వాళ్లకోసం శెట్టి గనిలో పని నిలుస్తాదని పేరు పడితే, రేపు నేను ఎవురికీ జవాబు చెప్పలేను."

"సరే" అని వచ్చేసింది.

తొట్టి అంటే ఆమెకు కూలి ఒక్కటే కాదు. వాళ్లమ్మ నిలబడిన చోటులో నిలబడడం. తోటి ఆడవాళ్లు, వాళ్ల పాటలు, కయ్యాలు, పంచుకునే సద్ది. పెళ్లయిన కొత్తలో ఇంటిపట్టున ఉండమని నేనంటే, "నువ్వు బస్సు దిగి ఇంట్లో కూర్చో, ఆ పొద్దు నేనూ కూర్చుంటా" అన్న మనిషి.

"ఎవరి కోసమే ఇదంతా?" అన్నాను.

"అది పిడకైతే ఒప్పుకుంటా. మొన్నది పిడకే, ఒప్పుకున్నా గదా. కానీ నేను కడిగినవి పిడకలు గావు. నా చేతికి తగిలినాయి. అవన్నీ ఎవురింట్లోనో మట్టికి మొగం పెట్టుకుని పడుండాయి. మిగిలిందాన్ని మిషను అరగదీస్తే, నేను సూసిందానికి సాక్షి లేకపాయె."

ఆ తర్వాత నేను అడ్డు చెప్పలేదు.

మర్నాడు నా బస్సులోనే కడపకు వచ్చింది. టికెట్టు కొట్టి చేతిలో పెడితే, "మొగుడి బస్సులో కూడా టికెట్టా" అని పక్కామెతో అంది, అందరూ వినేట్టు. కడపలో బస్సు కొంతసేపు ఆగుతుంది గనక నేనూ ఆమె వెంట కాలేజీకి పోయాను. ఉదయశ్రీ మమ్మల్ని చూసి లేచి కుర్చీలు వేసింది. మర్యాదకు లోటు లేదు. కానీ ముఖంలో భయముంది.

"అమ్మా, మీ తప్పు కాదు. ఒక చోట పెద్దపెద్దవాళ్లే రాతి మీద తేనెపట్టు మరకను చూసి ఇదే జంతువని పుస్తకాల్లో రాసుకున్నారు. తర్వాత వాళ్లే కాదని చెప్పుకున్నారు. నేను పంపిన ఫోటోను మాత్రం మా సారు పాఠంలో చూపించి నవ్వుతున్నారంట. మళ్లీ ఇంకో బండను నమ్మాలంటే..."

"బండను తేలేదు పాపా" అంది వరమ్మ. "బండ కాడికి నిన్ను తీసకపోనీకి వచ్చినా. నువ్వు నిలబడి సూస్తాండగా మూసున్న రాయిని తెరిపిస్తా. పుట్టినప్పటి నుంచి మూసుకుని ఉండే రాయిలోకి పోయి ఎవురు పిడక కొడతారు? రామేశ్వరమ్మ చెయ్యి పొడుగే, కానీ అంత పొడుగు గాదు."

ఉదయశ్రీ నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వులోనే భయం పోయింది.

"వస్తానమ్మా. ఈసారి కడిగి, వాసన చూసేదాకా ఫోటో తీయను."

"నేను ముందు సూస్తా వాసన" అంది వరమ్మ.

శనివారం ఉదయశ్రీతో మేము గుంతలోకి దిగేసరికి జనం చేరి ఉన్నారు. కేశవయ్య గొడుగు కింద. ఈరప్ప మనుషులు గడ్డపారలతో. రామేశ్వరమ్మ గంప కూడా దించకుండా గట్టు మీద. బండలు లేపేటప్పుడు ఆడవాళ్లు గుంతలోకి దిగడం మా దగ్గర లేదు. వాళ్ల పని పైన, తొట్టి దగ్గర. ఇన్నేళ్లు బండలు కడిగినా వరమ్మ, రాయి తన చోట ఎట్లా పడుకుని ఉంటుందో చూడడం అదే మొదలు. బురదలో జారకుండా నా భుజం పట్టుకుని దిగింది.

"ఏ బండ అక్కా?" అన్నాడు ఈరప్ప. ఎగతాళి చేయలేదు. పని దగ్గర అతను ఎగతాళి చేయడు.

తూర్పు వారలో పసుపు మట్టి గీత చూపించింది. "దీని కాడ."

ఈరప్ప ఆ గీత వెంబడి సన్నటి ఉలులను వరసగా దించాడు. ఒక్కోదానికి ఒక్కో దెబ్బ. ఎక్కడా గట్టిగా కొట్టలేదు. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. సందులో నీళ్లు పోసి, ఆగి, చెవి పెట్టి విని, మళ్లీ కొట్టాడు. ఇనుము మోత మెల్లగా మారింది. మొదట బిగిసిన గొంతులా ఉన్నది తర్వాత బోలుగా వచ్చింది. "ఇడిసింది" అన్నాడు.

మనుషులు గడ్డపారలు వేసి పైబండను లేపారు, దుంగల మీద పక్కకు జరిపారు, దాని అడుగు నేలకు ఉండేట్టు దించారు. ఎప్పుడూ చేసేదే. కింద తెరుచుకున్న కొత్త ముఖం మీద వరమ్మ బిందెడు నీళ్లు కుమ్మరించింది. అదీ తొట్టి దగ్గర ఎప్పుడూ చేసేదే. నీలం బండ తడిసి తళతళ మెరిసింది. మోకాళ్ల మీద కూర్చుని ఆ చివర నుంచి ఈ చివరకు చూసింది. ఉదయశ్రీ చూసింది. ఏమీ లేదు.

"దీని కింద ఇంకో పొర ఉండాది" అంది వరమ్మ.

ఈరప్ప మారు మాట్లాడకుండా మళ్లీ ఉలులు దించాడు. ఎండ ముదిరింది. రెండో బండ లేచింది, మొదటి దాని పక్కన పడుకుంది. నీళ్లు పడ్డాయి. నున్నటి ముఖం. ఇళ్లు కట్టుకునేవాళ్లు కళ్లకద్దుకునే ముఖం. ఒక్క మచ్చ లేదు.

ఎవరూ నవ్వలేదు. ఈరప్ప కూడా నవ్వలేదు. అతను తలపాగా విప్పి ముఖం తుడుచుకుంటూ అటు తిరిగాడు. అది చూసి నాకు వరమ్మ పని పోయిందని అర్థమైంది. కేశవయ్య గొడుగు మూసి, "పొద్దెక్కింది వరమ్మా" అన్నాడు మెత్తగా. ఆమె తడిబండ మీద చేతులానించి అట్లాగే ఉంది.

ఉదయశ్రీ తలెత్తి, లేపి పక్కన పెట్టిన బండల వైపు చూసింది. "పైబండ అడుగు చూసినామా మనం?"

"అడుగు ఎవురు సూస్తారమ్మా?" అన్నాడు ఈరప్ప. "అది బండ కడుపు. దాన్ని నేలకే పెడతాం."

"ఇట్లాంటివి దొరికిన చోట పై పొర అడుగునే ఎక్కువ దొరికినాయంట. జంతువు మీద ఇసుక పడుతుంది. జంతువు పోతుంది. దాని అచ్చు ఆ పైనున్న ఇసుకకు పడుతుంది."

వరమ్మ నుదురు కొట్టుకుంది. "నా కాడికి వచ్చేలోగా ట్రాక్టరులో ఎన్ని పల్టీలు కొడతాయో. ఏది కడుపో ఏది మొగమో నాకేం తెలుసు పాపా. ఎవురికీ తెలీదు."

లేచి మొదటి పైబండ దగ్గరికి పోయింది. తిప్పాలంటే అందరూ కావాలి. అంత వరకు ఆగే మనిషి కాదని నేను ముందే చెప్పాను. "ఈరప్పా, ఒక జానెడు లేపప్పా."

ఈరప్ప గడ్డపార దూర్చి బండను జానెడు ఎత్తాడు. ఇంకొకడు సందులో రాయి పెట్టాడు. వరమ్మ గాజులు మోచేతి దాకా తోసుకుని, నేల మీద పక్కకు పడుకుని, ఆ సందులోకి చెయ్యి పెట్టింది.

"వద్దే" అన్నాను.

చెంప బండకు ఆనించి కళ్లు మూసుకుంది. మోచేయి లోపలికి పోయింది. భుజం దాకా పోయింది. గడ్డపార మీద ఈరప్ప చేతుల నరాలు ఉబ్బి కనిపిస్తున్నాయి. గట్టు మీద ఒకరు దగ్గితే మిగతావాళ్లు అతని వైపు చూశారు. ఆమె చెయ్యి ఎక్కడుందో ఆమె ముఖంలో తెలుస్తోంది. అటు పోతోంది, ఇటు పోతోంది, ఆగింది.

"ఉండాది" అంది.

"ఏముండాది?" అన్నాడు ఈరప్ప.

"వేళ్లు. వరసగా తగల్తాండాయి. నడిమిన గీత ఉండాది." చెయ్యి మళ్లీ కదిలింది. "ఈడ ఇంగోటి. దాని పక్కన ఇంగోటి. అబ్బ, ఇది శానా పెద్దది. నా చేతికి చాలలే."

కళ్లు తెరవలేదు. మూసిన కళ్లలోంచే నీళ్లు కారి బండ మీద పడ్డాయి. నేను చెయ్యి పట్టి బయటికి లాగితే తప్ప తీయలేదు.

తర్వాత బండను తిప్పారు. ఎవరినీ పిలిచినట్టు లేదు, గట్టు మీదివాళ్లు కూడా దిగి గడ్డపారలు అందుకున్నారు. కేశవయ్య గొడుగు పారేసి ఒక మూల పట్టాడు. బండ నిలబడి, ఒక క్షణం తూగి, మెల్లగా వెల్లకిలా పడుకుంది.

పెళ్లి పంక్తిలో విస్తళ్లు పరిచినట్టున్నాయి. చిన్నవి, పెద్దవి, ఒకదాని అంచు ఒకటి తాకుతూ. ప్రతిదాని నడుమా గీత, గీతకు రెండు పక్కలా మడతలు, కొలిచి మడిచినట్టు. పసుపు మట్టి వాటి మడతల్లో నిలిచి, ఒక్కోదాన్ని విడివిడిగా గీసి చూపిస్తోంది.

ఉదయశ్రీ ముందు చేసిన పని వంగి వాసన చూడడం. తర్వాత బ్రష్షు తీసి రుద్దింది. మట్టి పోయింది, మడతలు పోలేదు. మళ్లీ రుద్దింది. ఇంకా బాగా కనిపించాయి. బ్రష్షు పక్కన పెట్టి, వరమ్మ తడి చెయ్యి పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. "ఇదే అని నేనొక్కదాన్నే చెప్పకూడదమ్మా. దాని దాయాదో, అదేనో, పెద్దవాళ్లు చూసి తేల్చాలి. కానీ ఇది బతికిన జీవి అచ్చని నాకు నమ్మకముంది."

"బతికిందని నేను అప్పుడే చెప్పినా మా ఆయనకు" అంది వరమ్మ. నిజానికి చేప ముల్లు మాదిరి అని మాత్రమే అంది. నేను సరిదిద్దలేదు.

మొదటి దాని కింద నుంచి లేపిన రెండో బండ ఎండకు ఆరాక, దాని మీద కూడా గుండ్రాలు సన్నగా తేలాయి, పైవాటికి సరిగ్గా ఎదురుగా. అప్పటిదాకా మేము పోసిన నీళ్ల మెరుపే వాటిని దాచిపెట్టింది. ఏ బండ లేచినా మొట్టమొదట నీళ్లు పోయడం మాకు అలవాటు. ఇన్నేళ్లూ ఆ అలవాటే మా కళ్లు కప్పింది.

కేశవయ్య చెప్పులు విడిచి బండ అంచున నిలబడ్డాడు. "మా నాయన కాలం నుంచి వీటిని అమ్ముకుంటా వచ్చినాం వరమ్మా" అన్నాడు.

"అమ్మినవి ఎట్లా పాయె శెట్టీ. ఇది అమ్మొద్దు."

"మాటంటే మాట. ఈ వార ముట్టను."

రామేశ్వరమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, గంప చంకన పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎవురు కొట్టినారో గానీ ఒక్కటీ అంచు చెదరలే. నాకు ఎప్పుడన్నా ఇంత గుండ్రంగా వచ్చినాయా" అంది. అప్పుడు పగలబడి నవ్వారు, గుంత గోడలు తిరిగి నవ్వేట్టు. ఆ నవ్వులో వరమ్మే ముందుంది.

ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే లేచి, ఐదో దినాన దేవుడు సముద్రంలో జీవుల్ని చేసినాడని ఉండాది, అందులో కొన్ని మన తూర్పు వారలో పడుకున్నాయి, పోయి చూడండి, కానీ చెప్పులు విడిచి పోండి అని చెప్పి కూర్చుంది. పాటకంటే అది బాగుందన్నారు.

సోమవారం నేను డ్యూటీకి పోలేదు. ఆమెతో గనికి పోయాను. తొట్టి దగ్గర ఆడవాళ్లు అప్పటికే నీళ్లు తోడుతున్నారు. వరమ్మ కొంగు దోపుకుని తన చోటులో నిలబడింది, వాళ్లమ్మ నిలబడిన చోటులో. గుంతలోకి మిషను దిగింది. నడిపేవాడు బయట ఊరివాడు, శనివారం సంగతి తెలియదు. తూర్పు వారకు పెట్టి మోటారు వేశాడు. వరమ్మ బిందె కింద పెట్టింది. ఆమె అడుగు వేసేలోగా కింద నుంచి ఈరప్ప గొంతు వినిపించింది. మిషనుకు అడ్డంగా, ఉలుల సంచి భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"మోటారు ఆపి పడమటికి తిప్పుకోప్పా."

"శెట్టి తూర్పు అన్నాడే?"

"అది పోయిన వారం మాట. ఈ వార వరక్కది."

మిషనువాడు గట్టు మీదికి చూశాడు. కొంగు దోపుకుని, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిన నా భార్యను చూశాడు. మోటారు ఆపాడు. మిషను తిరగడానికి చాలాసేపు పట్టింది. అది పూర్తిగా పడమటికి తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది. తర్వాత వంగి, బిందె ఎత్తుకుని, ఆ రోజు మొదటి బండ మీద నీళ్లు పోసింది.